అరచేతి పత్రిక

"తల కదపకండి డాక్టర్‌గారూ, గడ్డం కింద కత్తి ఉంది," అన్నాడు లెయాంద్రో.

ఫబియాన్ తార్కి కుర్చీలో వెనక్కి వాలాడు. చెంపలకు నురగ, కళ్ళ మీద వేడి తువ్వాలు. రాత్రంతా నిద్ర లేదు. ఈ సాయంత్రం పార్టీ తన దేశాధ్యక్ష ఎన్నికల అభ్యర్థి పేరు ప్రకటిస్తుంది. డాక్టరేటు చేసి, విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పి, గని కార్మికులకు రాత్రిబడులు నడిపి, ఆర్థికమంత్రి దాకా ఎదిగిన మనిషికి ఇక మిగిలిన మెట్టు అదొక్కటే.

"వచ్చేటప్పుడే చూశాను, పండగపూట నల్లచొక్కా ఏమిటి మాస్టారూ? షట్టరు కూడా సగం దించి పెట్టారు."

"తెల్లవి ఉతుకుదామంటే సబ్బు దొరకలేదు. ఈరోజు కొట్టు తెరవకూడదనుకున్నాను. మీ గడ్డం ఒక్కటీ చేసిపెట్టమని ఆరేలియోగారు అడిగితే వచ్చాను."

"సబ్బు పేరు చెప్పి మీరూ నాకు చురక పెట్టారన్నమాట."

మాటల్లోనే ఆరేలియో వచ్చాడు. విద్యార్థి సంఘంలో ఒకే దుప్పటి పంచుకున్న రోజుల నుంచీ ఫబియాన్‌కు కుడిభుజం. అతను బెంచీ మీద కూర్చున్న చప్పుడు, వెంటనే కాగితం గరగర వినిపించాయి.

"చిట్టి పేపరు తెచ్చావా? చదవరా. నన్నెంత తిట్టారో విందాం."

చిట్టి బొమ్మలమ్మే అలసీతాస్ సంత రోజున లా పాస్ నగర పత్రికలు అరచేతిలో పట్టే చిట్టి సంచిక ఒకటి వేస్తాయి. అందులో ఒక్క వార్తా నిజం కాదు. ఎంతటివాణ్ణయినా ఏకిపారేస్తారు. ఆరోజు కోప్పడితే ఊరంతా నవ్వుతుంది.

ఆరేలియో కాఫీ ఒక గుటక తాగాడు. "నిజంగా చదవమంటావా?"

"చదువు, చదువు. నేనేం చిన్నపిల్లాడినా?"

"సరే. మాస్టారూ, ఈ కాఫీ గ్లాసు కాస్త అక్కడ పెట్టండి. రెండు చేతులూ కావాలి." గొంతు సవరించుకున్నాడు. "'డీజిల్ కోసం బారులు తీరిన లారీ డ్రైవర్లు విసిగిపోయి రోడ్డు పక్కన బంగాళాదుంపలు నాటారు. మొక్కలు మోకాలెత్తు పెరిగాయి.'"

నవ్వుకు ఫబియాన్ పొట్ట అదిరింది. "రాసినవాడెవడో కనుక్కో. మన ప్రచారానికి పనికొస్తాడు."

"'వంటనూనె బారులో నొప్పులొచ్చినా, వరస పోతుందని ఒక అమ్మాయి కదల్లేదు. అక్కడే ఆడపిల్లను కని, ఫబియానా అని పేరు పెట్టింది.'"

"ఇంకేం, ఒక ఓటు పెరిగింది."

లెయాంద్రో నవ్వలేదు. కత్తిని గుడ్డకు తుడిచాడు. ఆరేలియో పేజీ తిప్పాడు. ఆ గాలికి ఫబియాన్ చెంపమీద నురగ చల్లబడింది.

"'ఒకప్పుడు సైనిక ప్రభుత్వం వెంటాడిన కుర్ర ఆర్థికవేత్తను తన ఇంట్లో దాచి, మొక్కజొన్న జావ తాగించి బతికించిన బాసిలియా అనే వృద్ధురాలు గోధుమపిండి బారులో కుప్పకూలి చనిపోయింది. ఆ కుర్రవాడే నేటి ఆర్థికమంత్రి.'"

ఫబియాన్ నవ్వు కాస్త తగ్గింది. "ఇది మరీ శ్రుతి మించింది. మాస్టారూ, మీ అక్కను చంపేశారు. మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకోను డాక్టర్‌గారూ."

"ఆమెను చూసి ఏడాదైంది. నేనిచ్చిన డ్రైవరు నెంబరుకు ఒక్కసారీ ఫోను చెయ్యలేదు. మొండిమనిషి. ఈ పండక్కి ఏ బొమ్మ ఇస్తే ఆ ఏడు అది నిజంగా దక్కుతుందంటారుగా, ఏటా నాకొకటి ఇస్తుంది. పోయినసారి అగ్గిపెట్టెలో పట్టే కుర్చీ ఇచ్చింది, మంత్రి కుర్చీ నిలబడింది. చచ్చిపోయారని రాస్తే ఆయుష్షు పెరుగుతుందని చెప్పండి ఆమెకు."

"చెబుతాను. తల కదపకండి."

గోడకు తగిలించిన కోటు జేబులో ఫోను గుర్రుమంది. ఆరేలియో లేచి చూశాడు. "మీ ఆవిడ. ఇప్పటికి చాలాసార్లు చేసింది."

"సంతకు ఆలస్యమైందని గోల. మధ్యాహ్నంలోపు బొమ్మలకు ధూపం వేయించకపోతే కొంప మునిగినట్టు మాట్లాడుతుంది. ఆపెయ్."

ఆరేలియో ఫోను ఆపేశాడు.

"తర్వాత? అసలు సంగతి రాయలేదా? అభ్యర్థి ఎవరట?"

"రాశారు." ఆరేలియో గొంతులో తొణుకు లేదు. "'నిన్న రాత్రి సమావేశమైన పార్టీ కేంద్ర కమిటీ ఫబియాన్ తార్కిని బహిష్కరించింది. డీజిల్ కొనుగోళ్ళ కేసులో ఆయనకు అరెస్టు వారంటు సిద్ధమైంది. అధ్యక్ష అభ్యర్థిగా ఆరేలియో కొందోరి పేరు ఏకగ్రీవంగా ఖరారైంది.'"

ఫబియాన్ కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. లెయాంద్రో కత్తి పైకెత్తి, నవ్వు తీరేదాకా ఓపికగా నిలబడ్డాడు.

"నువ్వా? నీకు కూడికలు నేర్పింది నేను కదరా."

"అవును. తీసివేతలు కూడా."

"బాగా చెప్పావు. ఒక్క సంగతి మాత్రం నిజం. కమిటీలో సగం మంది నువ్వు చెప్పినట్టే చేస్తారు. ఇలాంటిదేదైనా ఉంటే నేను నిన్న పొద్దున్నే గని సంఘాలను రోడ్డెక్కించేవాణ్ణి."

"తెలుసు. అందుకే రాత్రి పెట్టుకున్నారట."

"అదీ రాశారా? గట్టివాళ్ళే." షట్టరు అవతల బూట్ల చప్పుడైంది. "ఎవరది?"

"ఇద్దరు. నీకోసమే. గడ్డం పూర్తయ్యేదాకా ఆగమన్నాను."

"అప్పుడే కాపలా పెంచారన్నమాట."

లెయాంద్రో నురగ తుడిచాడు. జేబులోంచి ఏదో తీసి ఫబియాన్ ఎడమచేతిలో పెట్టాడు. వేలెడంత పట్టుగుడ్డ, మూడు రంగుల ముక్కలు కలిపి కుట్టింది. అధ్యక్షుడు ఛాతీకి అడ్డంగా వేసుకునే పట్టీకి నకలు. ఫబియాన్ చూడకుండానే వేళ్ళతో గుర్తుపట్టాడు.

"అక్క కుట్టింది. మీకిమ్మని చెప్పింది."

ఫబియాన్ దాన్ని గుప్పిట్లో బిగించాడు. "చూశావురా ఆరేలియో? చచ్చిపోయిందని రాసిన మనిషి ఏం పంపిందో. ఆ పేపరు కూడా ఇటివ్వు. రేపు అధ్యక్ష భవనంలో రెండూ ఒకే ఫ్రేములో కట్టించి పెడతాను."

తువ్వాలు తీయకుండానే కుడిచెయ్యి చాపాడు. ఆరేలియో పత్రికను నాలుగు మడతలు పెట్టి అందులో ఉంచాడు.

అది అరచేతిలో పట్టలేదు.