లాప్‌టాప్‌కి గాలి

నా మంచం పక్కనుండాల్సిన టేబుల్ ఫ్యాను హాల్లో లాప్‌టాప్‌కి గాలి విసురుతోంది.

మా ఆయన పెట్టారు. పెట్టి, పక్కనే కూర్చుని మురిసిపోతున్నారు.

నాకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. మొహానికి గాలి కొడుతుంటే తప్ప ఊపిరి తీసుకోలేను. నయం చేసే మందు ఇంకా రాలేదట.

ఆ మందు కోసమే లాప్‌టాప్ లెక్కలు చేస్తోంది. పరిశోధన చేసేవాళ్ళు పెద్ద లెక్కని ముక్కలు చేసి, ముందుకొచ్చినవాళ్ళ కంప్యూటర్లకి పంచుతారు. ఎవరికీ పైసా రాదు. సేవ.

మొదట్లో నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా కోసం కదా అని.

తర్వాత ఆయనకి స్పీడు పిచ్చి పట్టుకుంది. ర్యామ్ పెంచారు. వెనక మూత ఊడదీసి, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపారు. అయినా వేడెక్కగానే నెమ్మదిస్తోందట.

ఇవాళ పొద్దున్నే నా ఫ్యాను మీద ఆయన కన్ను పడింది.

"మరి నాకో?" అన్నాను.

"పైన ఫ్యాను ఉందిగా. ఇదంతా నీ కోసమే కదే!"

పైన ఫ్యాను తిరగడానికే మొహమాటపడుతుంది.

సాయంత్రం మా అక్క వచ్చింది. ఆవిణ్ణి గుమ్మంలోనే ఆపి లాప్‌టాప్ తెర చూపించారు.

"మన ఊళ్ళో ఎక్కువ లెక్కలు చేసినవాళ్ళలో మనం మూడో స్థానం, వదినా! ఎవరెవరో మెచ్చుకుంటున్నారు."

టీ పెడతానని హుషారుగా వంటింట్లోకి వెళ్ళారు.

అక్క నా దగ్గరికొచ్చి మొహం చూసింది.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అంటూ వెళ్ళి, ఫ్యాను ప్లగ్గు పీకి తెచ్చి నా పక్కన పెట్టింది.

అమ్మయ్య. గాలి.

నాలుగు ఊపిర్లు తీసుకున్నానో లేదో, హాల్లో లాప్‌టాప్ వేడెక్కి రొప్పడం మొదలెట్టింది. సన్నగా. చెవులు రిక్కిస్తే గానీ వినపడదు.

ఆయన వంటింట్లోంచి పరుగున వచ్చారు.

"అయ్యో, ఎలా ఆయాసపడుతోందో చూడండి వదినా!"

ఫ్యాను ఎత్తుకెళ్ళిపోయారు.

అక్క కొంగు బిగించి లేచింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. ఒళ్ళు మండిపోతోంది, కానీ పోట్లాడాలన్నా ఊపిరుండాలిగా.

వంటింటికీ నా మంచానికీ మధ్య ఒక్క గోడే.

పొద్దుట్నుంచీ దగ్గుతూనే ఉన్నాను.