ఎత్తిన కర్ర

కొండదారిన రోజుల తరబడి నడిచి వస్తున్న అమ్మాయి పక్కన బట్టల కొట్టాయన కారు ఆపాడు. వాన పడుతోంది. ఆమె కుంటుతోంది.

"ఎక్కమ్మా, ఊళ్లో దింపుతాను. దేవుడే పంపాడనుకో."

"వద్దండీ, నడుస్తాను."

"ఆ కాలితోనా? పిలిచి ఎక్కించుకుంటానంటే బెట్టేమిటి?" ఆయన తలుపు తెరిచాడు.

"వద్దన్నానా! వెళ్లండి!" ఆమె చేతికర్ర ఎత్తింది.

"పొగరు చూడు! సాయం చేస్తానంటే నన్నే దొంగను చేస్తోంది," అన్నాడు వెనక సీట్లో పడుకున్న కూతురితో.

"తెలియనివాడెవడో నన్నిలా ఎక్కమంటే ఎక్కనా నాన్నా?"

"ఎక్కావంటే కాళ్లు విరగ్గొడతా!"

అనేసి, కర్ర ఎత్తి నిలబడ్డ అమ్మాయి వైపు చూశాడు. తలుపు మూశాడు. కిటికీలోంచి గొడుగు చాచి రోడ్డు పక్క రాయి మీద పెట్టి, కారు కదిపాడు.

అద్దంలో చూస్తే ఆమె ఇంకా కర్ర దించలేదు.

'దించకు తల్లీ,' అనుకున్నాడు.