బీట్‌రూట్ సీలు

హోటల్ తిరుగుడు తలుపులో ముసలాయన ఇరుక్కున్నాడు.

ఆయన కాదు, ఆయన భుజాన ఉన్న వల. అందులో ఐదు ఫుట్‌బాళ్లు. కవర్లు కూడా విప్పలేదు.

వెనకున్న ప్రతినిధులు నవ్వారు.

"తన్నెయ్ తాతా! గోలు లోపలే ఉంది!"

ఆయన నవ్వలేదు. వల విడిపించుకుని నేరుగా నమోదు బల్ల దగ్గరికొచ్చాడు.

ఆ రోజు దేశ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడి ఎన్నిక. పదహారేళ్లుగా కుర్చీ దిగని గెర్గినోవ్ మీద మాజీ గోల్‌కీపర్ లాచెజర్ నిలబడ్డాడు.

గెర్గినోవ్ పద్ధతి అందరికీ తెలుసు. ఎన్నికకు ముందు ప్రతి పల్లెటూరి క్లబ్బుకూ ఒక కొత్త బంతి వెళ్తుంది. బంతి అందుకున్న ఊరు ఓటేస్తుంది.

జరిగిన నాలుగు ఎన్నికల్లోనూ అతనికి వ్యతిరేకంగా పడింది ఒక్కటంటే ఒక్క ఓటు. ప్రతిసారీ ఒక్కటే. ఎవరిదో తెలియదు.

"ఆ ఒక్కరు ఎవరో గానీ, ఆ మనిషి కోసమే నిలబడ్డాను," అని లాచెజర్ ప్రతి సభలోనూ చెప్పేవాడు. అతని మనుషులందరి కోటుకీ '1' అని ఒక బిళ్ల.

నమోదు బల్ల దగ్గర ఇద్దరు కూర్చున్నారు. గెర్గినోవ్ మనిషి త్సోంకో, లాచెజర్ తరఫు వకీలు రాలిత్సా. ఎవరి కాగితం మీదైనా అభ్యంతరం చెప్పే హక్కు ఇద్దరికీ ఉంది.

"ఏ ఊరు తాతా?" అంది రాలిత్సా.

"కాల్నిక్. రొడోపి కొండల్లో. పేరు వల్చాన్. క్లబ్బు కార్యదర్శిని నేనే, మైదానంలో గడ్డి కోసేదీ నేనే."

"ఆ బంతులు?"

"గెర్గినోవ్‌వి. ఆయనకే చేర్చాలి."

త్సోంకో జున్ను రొట్టె బనిత్సా నములుతూ కన్నుగీటాడు. "సంతకం పెట్టించుకోడానికి మోసుకొచ్చాడు. చూశావా అమ్మడూ, మా తాతలు ఎంత బుద్ధిమంతులో!"

రాలిత్సా మొహం బిగుసుకుంది. పొద్దుటి నుంచీ ఆమె తలలు లెక్కపెడుతూనే ఉంది. రెండు పక్షాలూ సమానంగా తూగుతున్నాయి. సమానమైతే పాతవాడే కొనసాగుతాడని నిబంధన. ఆ నిబంధన రాసింది పాతవాడే.

"ఓటెవరికి తాతా?"

"అది పెట్టెకి చెప్తా."

"మావాళ్లందరూ పైకే చెప్తున్నారు."

"పైకే చెప్పేదానికి పెట్టెకి తాళమెందుకమ్మా?"

త్సోంకో పొట్ట పట్టుకుని నవ్వాడు.

రాలిత్సా క్లబ్బు అధికార పత్రం అందుకుంది. కింద గుండ్రటి సీలు ఎర్రగా ఉంది.

"ఇదేంటి, ఈ రంగు?"

"ఇంకు ఎండిపోయింది. మా ఊళ్లో కొట్టు మూసేసి మూడేళ్లయింది. బీట్‌రూట్ రసం అద్దాను. పేరు చక్కగానే పడిందిగా?"

"సీలు నీలంగా ఉండాలి. నిబంధన."

"పోనిద్దూ," అన్నాడు త్సోంకో. "పెద్దాయన. మనవాడే."

ఆ 'మనవాడే'తో ఆమెకి ఇంకే అనుమానమూ మిగల్లేదు.

నిజాయితీపరులకు ఒక జబ్బు ఉంటుంది. ఎదుటివాడి చేతిలో ఏముందో చూస్తారు గానీ, ఎందుకుందో అడగరు.

"అభ్యంతరం!" అంది రాలిత్సా.

ఎన్నికల అధికారి వచ్చాడు. పత్రాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. పది నిమిషాల్లో నమోదు ముగుస్తుందని, ఈలోగా నీలం సీలు పడితే సరేనని చెప్పి వెళ్లాడు.

ముసలాయన జేబులోంచి చెక్క సీలు తీశాడు.

"నీ బల్ల మీద నీలం ఇంకు ఉందిగా అమ్మాయ్. ఒక్కసారి అద్దనీ."

రాలిత్సా ఇంకు డబ్బా తన వైపు లాక్కుంది. మూత మూసింది.

"ఇది మా ఆఫీసుది."

"నాలుగు బస్సులు మారి వచ్చాను."

"ఎవరు రమ్మన్నారో వాళ్లనడుగు ఇంకు."

త్సోంకో జేబులు తడుముకున్నాడు. అతని దగ్గర పెన్ను తప్ప ఏమీ లేదు.

"నా ఓటు పోతే నీకు మేలా?" అన్నాడు ముసలాయన.

"దేశానికి మేలు."

ఆయన ఆమె కోటు మీది బిళ్ల వైపు చూశాడు.

"ఆ ఒకటేంటి?"

"నీకర్థం కాదులే."

గోడ గడియారంలో ముల్లు కదిలింది. పది నిమిషాలూ ఆయన అక్కడే నిలబడ్డాడు, సీలు చేత్తో పట్టుకుని. తలుపులు మూసిన చప్పుడయ్యాక వలని బల్ల కిందికి తోశాడు.

"ఇవైనా ఆయనకివ్వు. మళ్లీ మొయ్యలేను."

బస్సు వేళయిందని వెళ్లిపోయాడు.

మూడింటికి ఫలితం చదివారు.

గెర్గినోవ్‌కి రెండువందల ఆరు. లాచెజర్‌కి రెండువందల ఆరు.

గెర్గినోవ్ మనుషులు బల్లలు చరిచారు. లాచెజర్ రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు.

"ఒక్కటి," అన్నాడు. "ఒక్కటి చాలేది రాలిత్సా."

త్సోంకో చేతులు రుద్దుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు. "ఆ తాత బంతులేవి? మా అధ్యక్షుడు ఖుషీగా ఉన్నాడు, సంతకాలు పెడతానంటున్నాడు."

రాలిత్సా వంగి వల బయటికి లాగింది. ముడి విప్పింది.

ఒక్కో బంతి కవరుకి దారంతో ఒక చీటీ కట్టి ఉంది.

పైదాని మీద ఈ ఏడాది. దాని కింద ఏమీ రాయలేదు.

అడుగునున్న నాలుగింటి కవర్లు పసుపెక్కాయి. చీటీల మీద నాలుగు పాత ఎన్నికల సంవత్సరాలు, ప్రతిదాని కిందా ఒకే చేతిరాత: 'వ్యతిరేకంగా వేశాను. బంతి వాపసు.'