బేస్‌మెంట్‌లో జపాన్ సుందరి

“ఎవరా పిల్ల?” అంది ఇంటావిడ హైమావతి, లాండ్రీ బుట్ట చంకన పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయి.

తారక్ గతుక్కుమన్నాడు. కాలేజీలు తెరిచే రోజులు. హామిల్టన్‌లో ఏ ఇల్లు చూసినా స్టూడెంట్లతో కిటకిటలాడుతోంది. తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడితే దొరికిన గది ఇది.

“పిల్ల కాదాంటీ, బొమ్మ. చెక్క మీద చెక్కి అచ్చు వేస్తారు, జపాన్ పద్ధతి.”

గోడకు తగిలించిన ఆ బొమ్మలో కిమోనో కట్టుకున్న స్త్రీ అటు తిరిగి కూర్చుని, కిటికీలోంచి మంచు చూస్తోంది. ముఖం కనబడదు. ఎత్తి కట్టిన ముడి, దాని కింద నున్నని మెడ, బట్ట జారీ జారని భుజం.

“ఎక్కడిది?”

“కాలేజీ సేల్‌లో కొన్నా. ఈ ఊళ్ళోనే ఎవరో జపానావిడ, ఎవర్నో కూర్చోబెట్టి చూస్తూ చేశారట.”

“ఇదొక్కటేనా?”

“ఒక్కటేంటాంటీ! అచ్చు కదా, బోలెడు కాపీలు. జనం ఎగబడి కొన్నారు.”

హైమావతి మంచం అంచున కూలబడింది. “రామ రామ! ఊరంతానా? ముందు తీసెయ్ నాయనా. అంకుల్ కంటబడితే కొంప మునుగుతుంది!”

ఇంత చాదస్తమేమిటా అనుకుంటూనే తారక్ బొమ్మ మీద చెయ్యి వేశాడు. అంతలో అంకుల్ దిగనే దిగాడు. మాంసం వద్దు, పార్టీలు వద్దు, అమ్మాయిలు అసలే వద్దని మొదటిరోజే చెప్పిన రిటైర్డ్ డాక్టరు, అమరేశ్వరరావు.

గది పోయినట్టే అనుకున్నాడు తారక్.

ఆయన కళ్ళజోడు సవరించుకుని బొమ్మకు ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్ళాడు.

“ఆహా! ఏం మెడ! ఏం ఒంపు! ఈ సొగసు జపాన్ వాళ్ళకే చెల్లిందోయ్. మన ఆడవాళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తుంది?” అని భార్యవైపు తిరిగాడు. “ఏమంటావ్ హైమా?”

“కాఫీ చల్లారిపోతోంది. పైకి నడవండి.” ఆవిడ ముఖం జేవురించింది.

ఆయన వెనక్కి వెనక్కి చూసుకుంటూ మెట్లెక్కాడు.

“సారీ ఆంటీ,” అంటూ తారక్ బొమ్మ దించబోయాడు. “ఇప్పుడే పారేస్తా.”

“ఉండనీ.”

“అంకుల్ రోజూ వచ్చేలా ఉన్నారాంటీ!”

“రానీ. రోజూ వచ్చి చూసుకోనీ.” హైమావతి బుట్టలోంచి తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తారక్‌కి అర్థం కాలేదు. “ఇన్నేళ్ళు కాపురం చేశాడు, మహానుభావుడు!”

తారక్ తెల్లబోయి చూశాడు.

“ఆ మెడ నాదే, బాబూ.”