లాకుల దొర కాగితాలు

మా అబ్బాయి డేనీ జ్ఞాపకార్థ కూడిక అవగానే విమానమెక్కి క్లేటన్ వచ్చాను, ఆ పరాయి దేశంలో చదువుకుంటూ వాడు అద్దెకున్న గది ఖాళీ చెయ్యాలని. బట్టలకంటే కాగితాలే ఎక్కువున్నాయి. అన్నీ ఇంగ్లీషు వీలునామాలు. నూరేళ్ళకు ముందు మా ఊరి కాలవ లాకుల మీద పనిచేసిన దొరవి, ఆయన అన్నదమ్ములవి. ఆ దొర రక్తం మా అమ్మవైపు ఉందంటారు.

బతికుండగా ఫోన్లో ఎన్నిసార్లు తిట్టానో. "దొర మనకేం పెట్టాడ్రా? యూనివర్సిటీకి పోయి నీ చదువు చూసుకో" అంటే, "ఇంకొక్క వీలునామా ఉందమ్మా" అని నవ్వేవాడు.

వాడితో చదివే అమ్మాయిని కూచోబెట్టి ఒక్కోటీ చదివించాను. గడియారం తమ్ముడికి. గుర్రం స్నేహితుడికి. కుర్చీలు చర్చికి.

"మరి ఆయన బిడ్డని కన్న మా మనిషికేమిచ్చాడమ్మా?"

"'నా ఇల్లు చూసుకునే ఆవిడకి రెండు దుప్పట్లు' అనుంది ఆంటీ. పేరు రాయలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "దీనికోసమా వాడు ఏడాదంతా పాడుచేసుకుంది? కట్టకట్టి చెత్తలో పడెయ్యమ్మా."

"ఇదొక్కటి తెలుగులో ఉంది ఆంటీ," అని కట్ట అడుగునున్న కాగితం నా చేతిలో పెట్టింది.

నేను కూడబలుక్కుని చదువుకునేలా పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. అన్నిటికంటే కింద నా పేరు, కస్తూరి. దాని మీద మా అమ్మ పేరు. ఆ మీద అమ్మమ్మ, ఆమెని కన్న తల్లి. అన్నిటికంటే పైన ఖాళీగా ఒక గీత.

గీత పక్కన ఉంది: "ఈ అమ్మ పేరు ఇంకా దొరకలేదు. వెతకాలి."