చెన్నకేశవులు ఇంటి చల్లమిషను

చల్లమిషను మళ్ళీ కారింది.

హిందూపురం నుంచి పొద్దున రైలుకే ధర్మవరం వచ్చాడు మెకానిక్కు శంకరప్ప. గదిలో అడుగుపెట్టగానే పాదం తడిసింది. గోడ పొడవునా చెమ్మ దిగి, కింద నీళ్ళు మడుగు కట్టాయి.

“చూడప్పా, నీ కండ్లతోనే చూడు,” అన్నాడు చెన్నకేశవులు.

ఆయన పట్టుచీరల వ్యాపారి. మద్రాసు, బెంగుళూరు షావుకార్లు వస్తే చీరలు పరిచి చూపించేది ఈ గదిలోనే. పందొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం ఎండలు మండిపోతున్నాయి. షావుకార్లకు చెమట పట్టకూడదని, గదిని చల్లబరిచే ఈ మిషను, ఊళ్ళో ఎవరింట్లోనూ లేనిది, కొని, గోడకు తూటు కొట్టించి మరీ పెట్టించాడు. షావుకార్ల చెమట సంగతేమో గానీ, ఇప్పుడు గోడకే చెమట పడుతోంది.

“పక్కనే చీరల బీరువా ఉండాది. చెమ్మ ఆడికి పాకితే నా గతేమి?”

“ఈసారి కారదు సామీ.”

“పోయినసారీ అదే చెప్తివి. ఇంగొక్క తడవ చూస్తా. మళ్ళా కారిందంటే మిషను పీకించేస్తా. మీ ఓనరుకు కూడా చెప్పేసినా.”

ఓనరు ఆ మాట శంకరప్ప చెవిన వేసే పంపించాడు. ఈ ఫిర్యాదు మళ్ళీ వస్తే షాపు మెట్లెక్కనక్కర్లేదన్నాడు. పని పోతే సొంతూరు పరిగి పోవాలి. అక్కడ వానల్లేక చేను బీడుపడింది. ఇంటిల్లిపాదీ తింటున్నది ఇతని చేతిలోని స్క్రూడ్రైవరు మీదే.

మిషను వెనకభాగం గోడకు అటువైపు, నేతగాడు మార్కండేయులు ఇంట్లోకి పొడుచుకొచ్చింది. ఆ ఇల్లూ, అందులోని మగ్గమూ, మగ్గం మీది పట్టూ అన్నీ చెన్నకేశవులువే. ఇక అడిగేవాడెవడు? శంకరప్ప అటు వెళ్ళాడు. మిషను ఆపేదాకా, అది కొట్టే వేడిగాలికి ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

మార్కండేయులు మాట్లాడే మనిషి కాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, ఎండి తెగిన పోగును తడిగుడ్డతో అద్ది ముడేస్తున్నాడు. ఎప్పుడొచ్చినా అదే పని. ఈయన నేసేది తక్కువ, ముడేసేది ఎక్కువ అని శంకరప్ప లోలోపల నవ్వుకునేవాడు. ఇవాళ నవ్వు రాలేదు.

మాట్లాడేదంతా ఆయన భార్య కుళ్ళాయమ్మే.

“మళ్ళా వచ్చినావా అప్పా? కూచో, మజ్జిగ తెస్తా.”

మిషను నీళ్ళు పోయే తూటుకున్న గొట్టం ఊడదీసి, శంకరప్ప లోపల పుల్లతో కెలికాడు. పట్టు పీచు ఉండ ఊడి వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడూ ఇదే. మిషను వెనక్కి కొంచెం వాలి ఉండాలనీ, నీళ్ళు వెనక తూటులోంచి ఇటు తొట్టిలో పడాలనీ, తూటు పూడితే ఆ నీళ్ళన్నీ గదిలోకి ఎదురు తిరుగుతాయనీ ఆమె అడిగితే ఓపిగ్గా చెప్పాడు. “కొంచెం కనిపెట్టి ఉండక్కా” అని అప్పజెప్పి కూడా వెళ్ళాడు. రెండోసారి మిషనును ఇంకాస్త వాల్చి, దుమ్ము పట్టిన జల్లెడ కడిగాడు. మూడోసారి తూటుకు ఈ రబ్బరు గొట్టం తగిలించి, మూతికి పల్చటి గుడ్డ కట్టాడు. కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. లోపల మాత్రం పీచు ఉంది.

“గుడ్డ దాటుకోని ఎట్లొచ్చిందక్కా ఇది?”

“మగ్గమున్న ఇల్లు కదప్పా. యాడ చూసినా పీచే. అన్నంలో కూడా ఏరుకోని తింటాండాము.”

అదీ నిజమేననిపించింది. శంకరప్ప అన్నీ విప్పి, కడిగి, తుడిచి, మళ్ళీ బిగించాడు. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాడు.

“అక్కా, నీకు దండం పెడతా. నా బతుకు ఈ తూటులో ఉండాది. రోజూ ఒక్కసారి చూడు.”

కుళ్ళాయమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. ఈసారి బాగుచేయడానికి కాదు, పీకడానికి. బిగించిన చేతులతోనే శంకరప్ప మిషనును ఊడదీసి బండికెక్కించాడు. మేస్త్రీ గోడ తూటుకు ఇటుకలు పేర్చి సున్నం మెత్తేశాడు. చెన్నకేశవులు ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది శంకరప్పకు. సంచి సర్దుకుని పక్కింటి వాకిట్లోకి వెళ్ళాడు.

“పోయొస్తా అక్కా. షాపులో పని పాయ. పరిగి పోతాండా.”

కుళ్ళాయమ్మ బావురుమంది. పక్కింటివాళ్ళు తొంగిచూసేటంతగా ఏడ్చింది.

“తప్పయిపోయిందప్పా. నీకు పిల్లోళ్ళుండారు కదా!”

“నీ తప్పేముందక్కా? నా రాత అంతే.”

ఆమె జొన్నరొట్టెలు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి మూటగట్టి చేతిలో పెట్టింది. శంకరప్ప తన కోసం ఏడ్చే మనిషి ఈ ఊళ్ళో ఒకతైనా ఉందనుకుంటూ, తలొంచుకుని స్టేషను దారి పట్టాడు.

అతను వీధి మలుపు తిరిగాక కుళ్ళాయమ్మ లోపలికొచ్చి, వేడిగాలి ఆగిపోయిన ఆ ఇంట్లో పొద్దుటి నుంచి ఒక్క పోగూ తెగకుండా నేస్తున్న భర్త పక్కన కూర్చుని, మిషను నీళ్ళు పోయే తూటులో మళ్ళీ కుక్కడానికి చుట్టి రొంటిన దోపుకున్న పట్టు పీచు ఉండను తీసి గంపలో పడేసింది.