కప్పు తట్టే చప్పుడు

బయట పట్టపగలు. బొగ్గుబాయి లోపల మాత్రం నెత్తి మీది దీపం వెలుగు పడ్డంత మేరే లోకం.

బొజ్జయ్య ఆసరా కర్రల కింద నిలబడి, రిమోటుతో బొగ్గెత్తే మిషన్‌ను ఆసరా లేని కప్పు కిందికి పంపాడు. మనిషి అడుగు పెట్టకూడని చోటది. రిమోటు వచ్చి నాలుగు నెలలైంది. రిబ్బను కత్తిరించే పెద్దమనిషికి తీరిక లేదని పెట్టెలోనే దాచారు. ఆలోగా, పని పురమాయించే ఓవర్‌మన్, మిషన్ నడిపే జోగయ్యను అక్కడికి తోలాడు. కప్పు కూలింది.

మిషన్ ఆపగానే లోపల చప్పుడు. టంగ్. టంగ్. ఎవరో ఇనుప కడ్డీతో కప్పు తట్టి చూస్తున్నారు. గట్టి కప్పు టంగుమంటుంది, ఊడబోయేది డొల్లగా మోగుతుంది.

"లోపల ఎవరో ఉన్నరు సార్."

"ఎవడూ లేడు. నడుపు," అన్నాడు పక్కనే ఉన్న ఓవర్‌మన్.

బొజ్జయ్యకు ఒళ్ళు మండింది. "జోగన్న సచ్చిననాడు గూడ గిట్లనే అంటిరి. మేం పంపలే, ఆయనే పోయిండని రాస్తిరి. గిప్పుడు మీరే నడుపుండ్రి!" అని రిమోటు అతని చేతిలో కుక్కాడు.

చప్పుడు కదిలింది. అడుగడుగూ తట్టుకుంటూ, ఆసరా కర్రలు దాటి, సరిగ్గా ఓవర్‌మన్ నెత్తి మీదికొచ్చి ఆగింది.

అక్కడ డొల్లగా మోగింది.